వెనక కాళ్ల లాడాలు

ఆ రోజు రేవులో నన్ను చూసి నవ్వినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్లు ఆ సంగతే గుర్తులేదంటారు. నాకు గుర్తుంది. ఎవరు పళ్లన్నీ బయటపెట్టి నవ్వారో, ఎవరు పైపంచె నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారో, ఎవరు ఆపుకోలేక గట్టు అవతలికి దిగి మరీ నవ్వి వచ్చారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. అడిగేవాళ్లు లేరు కాబట్టి రాస్తున్నాను.

అప్పట్లో మా ఇంట ఒక జత గిత్తలు ఉండేవి. తెల్లగా, ఎత్తుగా, మూపురాలు ఊపుకుంటూ నడిచేవి. వాటి అందం గురించి ఊళ్లో ఎవరైనా చెబుతారు. బలం సంగతి మాత్రం తోలినవాడికే తెలుసు. సవారీ బండికి కట్టి పగ్గం కాస్త సడలిస్తే చాలు, గూడులో కూర్చున్నవాళ్లు ఒకరి మీద ఒకరు పడేవారు. నిడదవోలు నుంచి కొవ్వూరు వెళ్లే దారిలో వాటిని దాటిన బండి లేదు. ఒకసారి ఒక జట్కావాడు దాటాడని చెప్పుకుంటారు. అప్పుడు నేను ఎడ్లకు నీళ్లు పెట్టడానికి బండి విప్పి ఉన్నాను. దాన్ని దాటడం అనరు.

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. రాళ్ల బళ్లు తిరగడానికని దారి పొడుగునా కంకర పోశారు. లాడాలు లేని ఎద్దును ఆ దారిన తోలితే గిట్టలు పగిలిపోతాయి. ఎద్దు గిట్ట గుర్రానికి లాగా ఒకే ముద్దగా ఉండదు, నడిమికి చీలి ఉంటుంది. అందుకని ఒక్కో కాలికి రెండు రేకులు, బయటి గిట్టకొకటి, లోపలి గిట్టకొకటి, సన్నని మేకులతో కొడతారు. ముందు కాళ్లవి బరువు మోస్తాయి. బండిని నెట్టుకుపోయేవి మాత్రం వెనక కాళ్లు. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసేలా చేసినవాడు మా బావగారు, అంటే నా భార్యకు అన్నగారు. ఆయన ఊరు కొవ్వూరుకు ఎగువన, ఏటిగట్టు పక్కనే.

శివరాత్రికి కొవ్వూరు గోష్పాదం రేవులో స్నానాలు. ఆవు గిట్ట గుర్తు పడిన చోటని దానికి ఆ పేరు. ఆడవాళ్లను దింపడానికి బళ్లన్నీ గట్టు దాటి ఇసుకలోకి దిగుతాయి. దిగడం సులువే. తిరిగి గట్టు మీదికి వచ్చే దారి ఏటవాలుగా ఉంటుంది, రాతి పలకలు పరిచి ఉండేవి. తడిబట్టలతో ఎక్కే జనం, నీళ్లోడే చక్రాలు, వాటికి అంటుకున్న మెత్తటి ఒండ్రు, అన్నీ కలిసి పొద్దెక్కేసరికి ఆ పలకలకు నూనె రాసినట్టుండేది. వేరే రోజైతే చెర్నాకోల ఝళిపించి, వెనక నలుగురు చెయ్యివేసి నెట్టి ఎక్కించేస్తారు. శివరాత్రి నాడు అది లేదు. ఆ రోజు ఎద్దంటే నందీశ్వరుడే. దాని మీద కర్ర ఎత్తకూడదు. బండి వెనక ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. తనంతట తాను ఎక్కాలి, లేకపోతే ఇంకొకరి ఎడ్లు వచ్చి లాగాలి.

అలా లాగించుకున్నవాడు తన ఎడ్ల మెడలో గంటల పట్టెడలు విప్పి, లాగినవాడి చేతికి ఇచ్చెయ్యాలి. మళ్లీ శివరాత్రికి అదే దారిని ఒకరి సాయం లేకుండా ఎక్కితే, లాగినవాడే తన చేతులతో ఆ పట్టెడలు తిరిగి కట్టాలి. అంతవరకూ ఆ ఎడ్లు మూగగా తిరగవలసిందే. ఎవరు పెట్టారో తెలియదు గాని, మా వైపు బళ్లున్న వాళ్లందరూ దీన్ని పాటించేవారు.

ఆ ఏడు పండగకని గిత్తలకు అన్ని కాళ్లకూ కొత్త లాడాలు కొట్టించాను. పండగకు కొత్తవి కొట్టించడం అందరూ చేసే పనే, నన్నొక్కణ్ణే అనడానికి లేదు. నున్నగా, మెరుస్తూ ఉన్నాయి. స్నానాలు ముగించుకుని, నా భార్యా, ఇంకో ఇద్దరు పెద్దవాళ్లూ గూడులో కూర్చోగానే నేను పగ్గాలు సడలించాను. గిత్తలు ఎప్పటిలాగే ఒక్క ఊపున లాగాయి. సగం దాకా ఎక్కాయి కూడా. అక్కడ వాటి వెనక కాళ్లు పలక మీద జారాయి. జారినకొద్దీ అవి ఇంకా గట్టిగా తన్నాయి. తన్నినకొద్దీ ఇంకా జారాయి. ఇనుము రాయి మీద గీసుకుపోయే ఆ కీచు చప్పుడు వింటుంటే పళ్లు పులిశాయి. బండి వెనక్కి, వెనక్కి, తిన్నగా నీళ్ల అంచు దాకా పోయింది. రెండోసారీ అంతే. మూడోసారి ఒక గిత్త మోకాళ్ల మీద పడింది.

"అయ్యబాబోయ్, గోష్పాదంలో గిట్ట నిలవలేదేంటండీ!" అని పడవ మీద నిలబడి ఒకడు అరిచాడు. చేపలు అమ్ముకునే మనిషి. ఆ తరువాత అతని దగ్గర మేము చేప కొనలేదు.

అప్పుడు గట్టు మీద నుంచి మా బావగారు దిగివచ్చారు. ఆయనకు గిత్తలు లేవు. దున్నపోతులు ఉండేవి. నల్లగా, బురద పూసుకుని, ఒంటి మీద వెంట్రుక కూడా సరిగా లేని జత. వరిచేలు దున్నే వాటినే బండికి కట్టుకుని తిరిగేవారు. గట్టు వెంట మట్టిదారే కాబట్టి వాటికి లాడాలు కూడా లేవు.

"ఏంటండీ బావగారూ, గిత్తలు స్నానం చాల్లేదంటున్నాయా?" అన్నారు.

"పలకలు తడిగా ఉన్నాయి," అన్నాను.

"ఆయ్, ఏట్లోంచి వచ్చే దారి కదండీ, తడిగానే ఉంటది. ఉండండి, మావోళ్లని కడతాను."

నా గిత్తలను కాడి నుంచి విప్పి పక్కన నిలబెట్టారు. పెళ్లికొడుకుల్లా నిలబడి చూస్తున్నాయి. నా బండికి దున్నపోతులను కట్టారు. జనం రెండు వైపులా చేరారు. నేను తల ఎత్తలేదు. ఎవరి ముఖమూ చూడలేక, గట్టు పైకి చేరేదాకా ఆ దున్నపోతుల వెనక కాళ్లనే చూస్తూ నడిచాను. పైకి వచ్చాక నా చేతులతో నేనే గిత్తల పట్టెడలు విప్పి ఇచ్చాను. అవి నేను రాజమహేంద్రవరంలో దగ్గరుండి పోతపోయించుకున్న గంటలు. దూరాన్నుంచి విన్నా ఎవరి బండో చెప్పెయ్యవచ్చు.

"మీ గిత్తలు చూడ్డానికి బాగుంటాయండి బావగారూ. అలంకారం కూడా కావాలి మరి," అన్నారు ఆయన, పట్టెడలు భుజాన వేసుకుంటూ.

ఆ గంటలు తిరిగి మెడలో పడేదాకా ఆయన గడప తొక్కనని అక్కడే చెప్పేశాను. నా భార్య గూడులోంచి, "ఏమండీ, పండగపూట ఏం మాటలండీ అవి?" అంది. మాట మాటే అన్నాను.

ఆ ఏడాది ఎలా గడిచిందో చెప్పక్కర్లేదు. గంటలు లేని బండి వెళుతుంటే ఎవరూ పక్కకు తప్పుకునేవారు కాదు. వెనక నుంచి వచ్చి మీద పడేదాకా తెలియలేదని నన్నే తిట్టేవారు. ఊడ్పులయ్యాక, అత్తగారికి ఒంట్లో బాగాలేదని నా భార్యను తీసుకెళ్లడానికి బావగారు వచ్చారు. ఆయన రావడానికి ముందే, కాలవ మలుపు దగ్గర నుంచి నా గంటలు వినిపించాయి. నేను అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాను. ఆ చప్పుడు దగ్గరైంది, మా వాకిట్లోకి వచ్చింది. చూస్తే, నా పట్టెడలు దున్నపోతుల మెడల్లో ఉన్నాయి.

"గోడకి ఏలాడదీస్తే చిలుం పడతాయని కట్టేనండి," అన్నారు బావగారు. "పాపం, వీటికి ఎంత నచ్చేయో! గంటలు లేకపోతే ఇప్పుడు అడుగెయ్యట్లేదండి."

నా భార్య నవ్వింది. నవ్వుతూనే బండెక్కింది. అదీ గుర్తుంది.

ఆ రోజు నుంచి నేను లాడాల పని పట్టాను. మా ఊరి సంతకు ఒక సాయిబు వచ్చేవాడు. ఎద్దు కాళ్లకు తాడు చుట్టి పడగొట్టి లాడాలు కొట్టడంలో అతని చెయ్యి మంచిదే. నోరే మంచిది కాదు. ముందుగా, మేకుల తలలు లోపలికి దిగకుండా కాస్త పైకే ఉంచమన్నాను. అవి రాయిని పట్టుకుంటాయని నా ఆలోచన. పట్టుకున్నాయి కూడా. కాని నిడదవోలు వెళ్లి వచ్చేసరికి కంకర మీద ఆ తలలు అరిగిపోయాయి, ఒక గిత్త వెనక కాలు ఎత్తెత్తి వెయ్యసాగింది. తరువాత, వెనక కాళ్లకు అసలు లాడాలే వద్దని తీయించేశాను. లాకుల దగ్గర ఏటవాలు చప్టా ఉంది. కాలవ నీళ్లు చిమ్మి, బండి కట్టి దాని మీద తోలి చూశాను. జారలేదు. సంబరపడ్డాను. నాలుగు రోజులకే కంకర మీద గిట్ట అంచు పెచ్చులు లేచింది. ఆముదం రాసి, ఇంట్లో కట్టేసి, మళ్లీ గిట్ట పెరిగేదాకా బండి కట్టలేదు. కొవ్వూరు చేరాలంటే ఇనుము కావాలి, అక్కడ రేవు ఎక్కాలంటే ఇనుము ఉండకూడదు. ఇదీ చిక్కు.

పలచటి లాడం, మందపు లాడం, గాట్లు పెట్టిన లాడం, అన్నీ అయ్యాయి. పలచటిది వంగింది. మందపుది రాయి మీద చెక్క పలకలా జారింది. గాట్లున్నది కొత్తలో బాగుంది, గాట్లలో ఒండ్రు నిండగానే నున్నటిదానికీ దీనికీ తేడా లేకుండా పోయింది. నేను చప్టా మీద నీళ్లు చల్లి ఎడ్లను తోలుతుంటే లాకుల మీద మనిషి, "పంతులుగారూ, ఎడ్లకి నాట్యం నేర్పుతున్నారా?" అని అడిగేవాడు. నేను పంతుల్ని కాను. వాడికి తెలుసు.

పుష్యమాసంలో ఒక ఉదయం అరుగు మీద కూర్చుని, ఎప్పటిలాగే ఆ శివరాత్రిని మొదటి నుంచీ తలచుకుంటున్నాను. నాకు అది అలవాటు. ఎవరు ఏమన్నారు, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, అన్నీ వరసగా చూసుకుంటూ వచ్చి, దున్నపోతుల వెనక కాళ్ల దగ్గరికి చేరాను. గట్టు పొడుగునా నేను చూసింది వాటినే కాబట్టి అవి కళ్ల ముందు కట్టినట్టే ఉన్నాయి. కాలు మోపగానే రెండు గిట్టలూ దూరంగా విచ్చుకున్నాయి. బయటిది బరువంతా మోసింది. లోపలిది పక్కకు తిరిగి, మొనతో పలకల సందును పట్టుకుంది. అడుగు తరువాత అడుగు, అదే తీరు. బయటిది మోయడం, లోపలిది పట్టడం.

నేను దొడ్లోకి పోయి గిత్తల పాత లాడాలు చూశాను. వెనక కాళ్ల బయటి రేకులు కాగితంలా అరిగిపోయి ఉన్నాయి. లోపలి రేకుల మీద మేకుల తలలు కూడా చెక్కుచెదరలేదు. కంకర తినేది బయటి గిట్టనే. లోపలి గిట్టకు ఇనుము కొట్టడమంటే పట్టుకునే వేళ్లకు తొడుగు తొడగడమే.

సంత రోజున సాయిబుతో చెప్పాను. "వెనక కాళ్లకు బయటి గిట్టకే లాడం కొట్టు. లోపలిది వదిలెయ్యి. బయటిది కూడా కాస్త వెనక్కి జరిపి కొట్టు. గిట్ట మొన ఇనుము కంటే ముందుకు రావాలి."

అతను సుత్తి కింద పెట్టాడు. "ఒక కాలికే చెప్పేసుకుని ఊరేగినట్టుంటదండి బాబుగారూ. ఇది నేను కొట్టేనని ఎవరికీ చెప్పకండే."

"ఎద్దు నాది."

"ఆయ్, ఎద్దు మీదేనండి. పేరు నాది కదా."

చెప్పనని మాటిచ్చాక కొట్టాడు. అందుకే ఇక్కడ కూడా అతని ఊరు రాయడం లేదు. ఆ లాడాలతో కంకర మీద నిడదవోలు తోలాను, కొవ్వూరు పొలిమేర దాకా తోలాను. గిట్ట చెడలేదు, కుంటు లేదు. తడి చప్టా మీద తోలాను. మొదట్లో కొంచెం జారి, లోపలి గిట్ట దొరకగానే నిలదొక్కుకున్నాయి. ఇంకొకటి నేను నేర్చుకోవలసి వచ్చింది. గిత్తలు ఒక్కసారిగా లాగితే ఏ లాడమైనా జారుతుంది. వాటి బలమంతా మొదటి అడుగులో పడకుండా పగ్గం బిగించి పట్టుకుని, అడుగు దొరికాక కొద్దికొద్దిగా వదలాలి. అది రావడానికి మాఘమాసం సగం పట్టింది, నాకూ వాటికీ.

శివరాత్రి వచ్చింది. నా భార్య కొత్త చీర కట్టుకుని బండెక్కింది. స్నానాలయ్యాయి. గట్టు మీద బావగారు దున్నపోతుల బండి పక్కన నిలబడి ఉన్నారు. దున్నపోతుల మెడల్లో నా గంటలు ఉన్నాయి. కిందటేడు నవ్వినవాళ్లు దాదాపు అందరూ వచ్చారు, చూసుకున్నాను. చేపల మనిషి కూడా పడవ మీదే ఉన్నాడు.

పగ్గం బిగించి పట్టి వదిలాను. గిత్తలు నెమ్మదిగా కదిలాయి. అడుగు, ఆగడం, అడుగు. సగం దాకా వచ్చాం. కిందటేడు జారిన పలకల దగ్గరికి వచ్చేసరికి, తడిచీర పిండుకుంటూ ఒక ముసలమ్మ చెంబు పట్టుకుని సరిగ్గా గిత్తల ముందుకు వచ్చి నిలబడిపోయింది. పగ్గం లాగేశాను. బండి ఆగింది. ఏటవాలులో, తడి పలకల మీద, ఆగకూడని చోట ఆగింది.

"ఏం నాయనా, పండగపూట నన్ను తొక్కించేద్దామనా?" అంది ఆవిడ.

"తప్పుకోండమ్మా."

"తప్పుకుంటానులే. నీ ఎడ్లకి మెళ్లో గంట కూడా లేదు, వస్తున్నట్టు నాకెలా తెలుస్తాది?"

జనం నవ్వారు. బండి బరువు వెనక్కి లాగుతోంది. గిత్తల వెనక కాళ్లు వణకడం నాకు కనిపిస్తోంది. నా భార్య గూడులోంచి ముందుకు వంగి, "ఏమండీ, తొందరపడకండి," అంది. ఆవిడ నా చెవిలో మెల్లగా చెప్పింది, అంతమందిలో నాకు ఆ ఒక్క మాటే వినిపించింది. ముసలమ్మ తీరిగ్గా పక్కకు జరిగింది. నేను పగ్గం పిడికెడంత వదిలాను. కుడి గిత్త కాలు కొంచెం జారింది. లోపలి గిట్ట విచ్చుకుని పలకల సందును పట్టింది. ఎడమది కూడా పట్టింది. ఇంకో పిడికెడు వదిలాను. చక్రం కదిలింది. ఆ తరువాత నేను చేసిందేమీ లేదు, గట్టు మీదికి వచ్చేశాం.

నవ్వడానికి ముందుంటారు గాని, మెచ్చుకోవడానికి ఎవరికీ నోరు రాదు. చేపల మనిషి వల దులుపుకుంటూ అటు తిరిగాడు.

బావగారు వచ్చి గిత్తల వెనక వంగి చూశారు. "అదేంటండీ బావగారూ, లోపలి గిట్టకి లాడం లేదు? సాయిబు మర్చిపోయేడా?"

"మరచిపోలేదు. నేనూ ఏమీ మరచిపోలేదు," అన్నాను.

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, పెద్దగా నవ్వి, దున్నపోతుల మెడల్లోంచి పట్టెడలు విప్పారు. తువ్వాలుతో తుడిచి, తన చేతులతో నా గిత్తల మెడల్లో కట్టారు. ముడి సరిగా పడలేదని ఒకదాన్ని విప్పించి మళ్లీ కట్టించాను. కట్టారు.

"ఇప్పుడైనా మా ఇంటికి వస్తారా అండి? అమ్మ ఎదురు చూస్తాంది."

"పదండి," అన్నాను.

ఆయన బండెక్కి దున్నపోతులను అదిలించారు. అవి కదల్లేదు. మళ్లీ అదిలించారు. చెవులు అటూ ఇటూ ఆడించి నిలబడ్డాయి. పండగ కాబట్టి కర్ర ఎత్తడానికి లేదు. నేను గిత్తలను ముందుకు తోలాను. గంటలు మోగాయి. దున్నపోతులు తలలు ఎత్తి, ఆ చప్పుడు వెనకే నడక మొదలుపెట్టాయి.

ఏటిగట్టు మీద మేము ముందు, బావగారు వెనక. నేను కాస్త వేగం పెంచితే చప్పుడు దూరమై దున్నపోతులు ఆగిపోయేవి. బావగారు వెనక నుంచి, "బావగారూ! ఓ బావగారూ! కాస్త నిదానమండీ!" అని కేకపెట్టేవారు. అది రెండుసార్లు జరిగింది. రెండోసారి నేను కావాలనే తోలాను. నా భార్య గూడులో కూర్చుని నవ్వుతోంది. ఈసారి ఆ నవ్వు నా మీద కాదు. కుడివైపు గోదావరి ఎండకు మెరుస్తోంది, దూరంగా వంతెన స్తంభాల మీద మనుషులు చీమల్లా కనిపిస్తున్నారు. పగ్గం బిగించి గిత్తలను దున్నపోతుల నడకకు దించాను. అంత మెల్లగా ఆ గిత్తలు ఎన్నడూ నడవలేదు. నాకు విసుగు రాలేదు.

అత్తగారు గుమ్మంలో కాళ్లకు నీళ్లిచ్చారు. ఏడాది తరువాత ఆ గడప తొక్కాను. తీరా ఆ రోజు ఉపవాసం. ఆవిడ చేతి అన్నం తినడానికి మర్నాటి దాకా ఆగవలసి వచ్చింది.

బావగారు తరువాత దున్నపోతులకు వేరే గంటలు తెచ్చారు. వాటికి అవి నచ్చలేదు. అందుకని ఆయన కొవ్వూరు వెళ్లవలసి వచ్చినప్పుడల్లా, నాకు కబురుపెట్టి, వాకిట్లోనే బండి కట్టుకుని నా గంటలు వినపడేదాకా కూర్చునేవారు. నేను కావాలని ఆలస్యం చేసిన రోజులు లేవు. ఆయన మాత్రం నేను వెళ్లిన ప్రతిసారీ, "ఏంటండీ ఇంతసేపు?" అనే అనేవారు. ఒక్కసారైనా గిత్తలు బాగా ఎక్కాయని ఆయన నోట రాలేదు. ఆ మాట ఇంకా నాకు బాకీయే.